పోస్టులో కోడిపిల్లలు: అంతా 72 గంటల లెక్క

పొద్దున్నే ఆరు కూడా కాకుండా పోస్టాఫీసు నుంచి ఫోన్ వస్తే ఎవరికైనా కంగారుగానే ఉంటుంది. మాకు ఏప్రిల్లో ఒకరోజు అలాగే వచ్చింది, మీ కోడిపిల్లలు వచ్చాయి వచ్చి తీసుకెళ్లండి అని, మాట్లాడే ఆవిడ వెనకాల ఒకటే కియ్యో కియ్యో. మేం ఉండేది అమెరికాలో, నార్త్ కరోలినాలో. ఈ సంగతి ఊళ్లో ఉన్న మా పిన్నికి చెప్తే "పోస్టులోనా? ప్రాణమున్న వాటినా? దారిలో దాణా ఎవరేస్తారే? చలెయ్యదూ? ఒకటీ అరా చచ్చిపోతే ఎవరిది పూచీ?" అని వరసపెట్టి అడిగేసింది. తర్వాత ఆలోచిస్తే ఈ విషయంలో అడగాల్సిన ప్రశ్నలన్నీ పిన్ని ఆ ఒక్క నిమిషంలో అడిగేసిందనిపించింది, అందుకే ఆవిడ అడిగిన వరసలోనే రాస్తున్నాను.

ముందు దాణా సంగతి. దారిలో దాణా ఎవరూ వెయ్యరు, నీళ్లు కూడా పెట్టరు, పెట్టెలో ఆ ఏర్పాటే ఉండదు. వినగానే దారుణం అనిపిస్తుంది, నాకూ అనిపించింది, కానీ దీని వెనక ఉన్న సంగతి తెలిస్తే కొంచెం కుదుటపడతాం. గుడ్డులో పిల్ల తయారయ్యేటప్పుడు పచ్చసొన చాలావరకు ఖర్చయిపోతుంది గానీ మొత్తం అయిపోదు, పెంకు పగలగొట్టుకోవడానికి ఒకటి రెండు రోజుల ముందు, అంటే 19, 20వ రోజుల్లో, ఆ మిగిలిన సొనని సంచితో సహా పిల్ల తన బొడ్డు గుండా కడుపులోకి లాగేసుకుంటుంది. పుట్టినప్పుడు పిల్ల బరువు సుమారు 40 గ్రాములైతే అందులో 5, 6 గ్రాములు ఈ సొనే. అంటే కడుపులో క్యారేజీ కట్టుకుని పుడుతుందన్నమాట. ఆ సొనలో కొవ్వు కరిగేకొద్దీ శక్తీ వస్తుంది, కొంత నీరు కూడా తయారవుతుంది. దీంతో దాదాపు మూడు రోజులు, 72 గంటలు, ఏమీ తినకుండా తాగకుండా బతకగలదు.

ఈ ఏర్పాటు ఎందుకుందో మనలో పల్లెటూళ్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మ గంపలో ఊక పోసి పాతగుడ్డ పరిచి, 11 గుడ్లో 13 గుడ్లో పెట్టి, ఉరుములకి మురిగిపోకుండా ఉండాలని ఒక ఇనప ముక్క కూడా పడేసి, పొదుగు మీదున్న పెట్టని తెచ్చి కూర్చోబెట్టేది. 21వ రోజుకి మొదటి పిల్ల బయటికొచ్చినా పెట్ట లేచేది కాదు, మిగతా గుడ్లు కూడా పగిలేదాకా రోజు, రోజున్నర అలాగే కూర్చునుండేది, మేం పిల్లల్ని చూడాలని గంప ఎత్తబోతే చేతిమీద ఒక్క పోటు. ముందు పుట్టిన పిల్ల తన తర్వాత పుట్టేవాటి కోసం అమ్మ రెక్కల కింద ఎదురుచూడాలి కదా, ఆ ఎదురుచూపుకి సరిపడా కూడే ఆ సొన. తల్లి గంప దిగేదాకా ఇచ్చిన ఆ గడువునే హ్యాచరీలవాళ్లు, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేవాళ్లు, పోస్టు ప్రయాణానికి వాడుకున్నారు, ఈ వ్యాపారం మొత్తం నిలబడింది దీనిమీదే, మిగతా ఏ సంగతి తవ్వినా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతాం.

కాకపోతే ఈ 72 గంటల గురించి చాలామంది పొరబడతారు. గడియారం మొదలయ్యేది పిల్లని పెట్టెలో పెట్టినప్పుడు కాదు, పెంకులోంచి బయటపడినప్పుడు. ఇంక్యుబేటర్‌లో ఒకే రోజు పెట్టిన వేల గుడ్లు ఒకే గంటలో పగలవు, మొదటి పిల్లకీ చివరి పిల్లకీ ఒక రోజు తేడా, కొన్నిసార్లు ఒకటిన్నర రోజు తేడా ఉంటుంది. చివరివి కూడా వచ్చి ఈకలు ఆరాకే ట్రేలు బయటికి తీస్తారు. ఆ తర్వాత లెక్కపెట్టాలి, పుంజో పెట్టో చూడాలి, అడిగినవాళ్ల పిల్లలకి మారెక్స్ అనే కోళ్ల జబ్బు రాకుండా టీకా వెయ్యాలి, పెట్టెల్లో సర్దాలి, లారీ ఎక్కించాలి. పోస్టల్ రూల్ ప్రకారం పోస్టులో వేసేటప్పటికి పిల్ల వయసు 24 గంటలు దాటకూడదు, పుట్టిన 72 గంటల్లోపు చేరాలి, పెట్టె మీద పుట్టిన తేదీ, టైం రాయాలి. మంచి రూలే, కానీ పెట్టె మీద రాసేది ఒక్క టైం, లోపలున్న పాతిక పిల్లలవి పాతిక టైములు. అందరికన్నా ముందు పుట్టిన పిల్లకి పోస్టాఫీసు గుమ్మం ఎక్కేసరికే గడువులో మూడో వంతు అయిపోయి ఉంటుంది. అందుకే పార్సిల్ ఒక్కరోజు లేటైతే పెట్టెలో అన్నీ చావవు, కొన్ని చచ్చి కొన్ని బతికుంటాయి, జనం "అవి బలహీనమైనవి" అనుకుంటారు, నా ఉద్దేశంలో అందులో చాలావాటికి బలహీనత ఏమీ లేదు, తొందరగా పుట్టడమే వాటి పాపం. పైగా బతకడం వేరు, బాగుండటం వేరు. మేత ఎంత ఆలస్యమైతే పేగులు ఎదగడం అంత ఆలస్యమవుతుంది, బరువు తగ్గుతుంది, 70వ గంటలో చేరిన పిల్లా 30వ గంటలో చేరిన పిల్లా లెక్కలో ఒకటేగానీ నిజంగా ఒకటి కాదు.

ఇక చలి. సొన ఆకలి చూసుకుంటుంది గానీ వెచ్చదనం ఇవ్వలేదు. పుట్టిన మొదటివారం కోడిపిల్ల తన ఒంటి వేడిని తను నిలుపుకోలేదు, దానికి చుట్టూ 35 డిగ్రీల వేడి కావాలి, ఇక్కడి లెక్కలో 95 ఫారెన్‌హీట్, వారం వారం కొంచెం కొంచెంగా తగ్గించాలి. పెట్టెలో లైట్ లేదు, హీటర్ లేదు. అందుకే హ్యాచరీలు చాలాకాలం 25 పిల్లలకి తక్కువ ఆర్డర్ తీసుకునేవి కావు, పాతిక పిల్లలు ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటే ఆ గుంపు వేడే వాటికి తల్లి. వంద పిల్లల పెట్టెని నాలుగు గదులు చేసేది కూడా అందుకే, గదికి పాతిక, గుంపు మరీ చిన్నదైతే చల్లబడతాయి, మరీ పెద్దదైతే ఒకదాని మీద ఒకటి ఎక్కి కిందవి ఊపిరాడక చచ్చిపోతాయి. ఇప్పుడు ఊళ్లలో పెరట్లో నాలుగైదు కోళ్లు చాలనుకునే మాలాంటివాళ్లు ఎక్కువయ్యాక తక్కువ సంఖ్యలో కూడా పంపుతున్నారు, పెట్టెలో హీట్ ప్యాక్ పెడతారు, లోపలి ఇనప పొడి గాలి తగిలి తుప్పుపట్టేటప్పుడు వచ్చే వేడే అది. గాలి తగలకపోతే అది పనిచెయ్యదు, ఎండాకాలంలో మరీ ఎక్కువ పనిచేస్తుంది, అదో చిక్కు. వేసవిలో చలికన్నా వేడే ప్రమాదం, ఎండలో నిలబెట్టిన లారీలో చిల్లుల పెట్టె ఎంత చిల్లుల పెట్టైనా పొయ్యే.

అసలు ఈ అలవాటు ఎప్పుడు మొదలైంది అంటే 1892లో న్యూజెర్సీలోని స్టాక్‌టన్ నుంచి జోసెఫ్ విల్సన్ అనే హ్యాచరీ ఆయన ఒహాయోలోని ఈస్ట్ లివర్‌పూల్‌కి రైల్లో కోడిపిల్లల్ని పంపాడు, దూర ప్రయాణం చేసిన ఒకరోజు వయసు పిల్లల్లో మొదటివిగా వాటినే చెప్తారు. అప్పట్లో పోస్టులో పెద్ద పార్సిళ్లు లేవు, ప్రైవేట్ ఎక్స్‌ప్రెస్ కంపెనీలే. 1913 జనవరి 1న పార్సిల్ పోస్ట్ మొదలైంది, పల్లెల్లో ఇంటింటికీ ఉత్తరాలిచ్చే పద్ధతి అప్పటికే ఉంది, రెండూ కలిసేసరికి రైతు ఇంటికి ఏదైనా చేరే దారి పడింది. 1918లో పోస్టల్ డిపార్ట్‌మెంట్ ఒకరోజు వయసు కోడిపిల్లల్ని పోస్టులో ఒప్పుకుంది. ఇప్పటికీ అందరికీ తెలిసిన హ్యాచరీల్లో ఒకటైన అయోవాలోని మర్రే మెక్‌మర్రే 1917లో మొదలైంది, చూడండి ఆ రెండు తేదీలు ఎంత దగ్గరగా ఉన్నాయో. దీనివల్ల ఏం మారిందంటే, అప్పటిదాకా ఇంట్లో పెట్ట పొదిగితేనే పిల్లలు, ఇప్పుడు కేటలాగ్ చూసి చలికాలంలో ఆర్డరేస్తే వసంతంలో పిల్లలు ఇంటికొచ్చేవి. అక్కడా కోళ్లూ గుడ్లూ ఆడవాళ్ల సంపాదనే, మన దగ్గర గుడ్లమ్మిన డబ్బులు పోపుల డబ్బాలోకి వెళ్లినట్టే అక్కడి రైతు కుటుంబాల్లోనూ సరుకులకీ బట్టలకీ ఆ డబ్బే.

వేల మైళ్లు పిల్లలు తిరగడం మొదలయ్యాక జబ్బులూ తిరిగాయి. పుల్లోరం అని తెల్లగా పారే జబ్బు, తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లకి, ఒక పిల్ల నుంచి ఇంక్యుబేటర్‌లో ఉన్న పిల్లలన్నిటికీ వచ్చేది, ఒక హ్యాచరీలో పుడితే పోస్టు పుణ్యాన ఎన్నో రాష్ట్రాలకి చేరేది. దాన్ని ఆపడానికే 1935లో నేషనల్ పౌల్ట్రీ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ పెట్టారు, తల్లికోళ్లకి రక్తపరీక్షలు చేసి శుభ్రమైన మందల్ని గుర్తించే పథకం. ఇవాళ్టికీ కొనేముందు హ్యాచరీ అందులో ఉందా లేదా అని చూడాలి, ఇది మాత్రం తప్పనిసరిగా చూడండి.

ఇప్పుడు పుంజు పిల్లల సంగతి, ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు గానీ రాయకపోతే వ్యాసం సగమే. గుడ్ల కోసం పెంచేవాళ్లకి పెట్టలు కావాలి, కానీ పుట్టేవాటిలో సగం పుంజులు. ఒకరోజు పిల్లని చూసి ఏది ఏదో చెప్పడం మామూలువాళ్ల వల్ల కాదు, దానికి జపాన్‌వాళ్లు 1920, 30ల్లో ఒక విద్యే తయారు చేశారు, పిల్లని తిప్పి మలద్వారం దగ్గర ఉండే చిన్న బుడిపెని చూసి క్షణాల్లో చెప్పేస్తారు, ఆ నిపుణులు 1930ల్లో అమెరికా వచ్చి హ్యాచరీలకి పనిచేశారు. అంతటి నిపుణులైనా నూటికి నూరు రాదు, హ్యాచరీలు సాధారణంగా 90 శాతం గ్యారంటీ ఇస్తాయి, కాబట్టి పది పెట్టలు కొన్నవాళ్ల ఇంట్లో నాలుగు నెలల తర్వాత ఒకటి కొక్కొరొకో అంటే అది మోసం కాదు, ఆ మిగిలిన పది శాతం. ఇక్కడ చాలా టౌన్లలో పుంజు ఉండకూడదని రూల్, అప్పుడు ఆ పుంజుని ఎవరికివ్వాలో తెలీక జనం పడే తిప్పలు చెప్పలేం.

మరి ఎవరూ కొనని పుంజు పిల్లలు ఏమవుతాయి? గుడ్ల జాతుల్లో చాలావాటిని పుట్టిన రోజే చంపేస్తారు. కొన్నిటిని మాత్రం పోస్టు పెట్టెల్లో వేస్తారు, వెచ్చదనం కోసం. మీరు ఆర్డర్ చేసినవాటికి తోడు అడగని పుంజు పిల్లలు నాలుగైదు వచ్చాయంటే అవి కానుక కాదు, పెట్టెలో ఖాళీ నింపి వేడి పుట్టించడానికి వేసినవి. ప్యాకింగ్‌కి వాడే థర్మాకోల్ ముక్కల పేరే వాటికి పెట్టి పిలుస్తారు ఇక్కడి కోళ్లవాళ్లు. ప్రాణమున్నదాన్ని ప్యాకింగ్ సామాను అనడం నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించే మాట. దీనికి దారి లేకపోలేదు, గుడ్డులో ఉండగానే పుంజో పెట్టో కనిపెట్టి పుంజు గుడ్లని పొదగకుండా తీసేసే యంత్రాలు వచ్చాయి, జర్మనీ 2022 జనవరి నుంచి పుంజు పిల్లల్ని చంపడం నిషేధించింది, అమెరికాలో ఆ పద్ధతిలో మొదటి పిల్లలు 2024 చివర్లో అయోవాలో పుట్టాయి. పోస్టులో వచ్చే పెరటి కోళ్ల దాకా అది రావడానికి ఇంకా టైం పడుతుంది, ఎందుకంటే హ్యాచరీలో పదుల రకాల జాతులు, ఒక్కోటి కొన్ని వందల గుడ్లు, ఆ యంత్రాలు తయారైంది ఒకే జాతి గుడ్లు లక్షల్లో పెట్టేచోట కోసం.

పిన్ని చివరి ప్రశ్న, పూచీ ఎవరిది అని. చట్టం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అమెరికాలో 28 గంటల చట్టం అని ఒకటుంది, 1873 నాటిది, పశువుల్ని రాష్ట్రాలు దాటిస్తూ 28 గంటలకి మించి దించకుండా, మేత నీళ్లు ఇవ్వకుండా ఉంచకూడదు. ఆవులకి, పందులకి, గొర్రెలకి వర్తిస్తుంది, కోళ్లకి మాత్రం వర్తింపచెయ్యరు. జంతు సంక్షేమ చట్టంలోనూ వ్యవసాయం కోసం పెంచే కోళ్లు లేవు. కాబట్టి పోస్టులో కోడిపిల్లని కాపాడే కాగితం ఏదైనా ఉందంటే అది పోస్టల్ సర్వీస్ సొంత రూల్సే, ఏ పక్షుల్ని ఒప్పుకుంటారు, పెట్టెకి చిల్లులు ఎలా ఉండాలి, గడువెంత అనేవి. చచ్చిపోతే హ్యాచరీ డబ్బు వెనక్కిస్తుంది లేదా మళ్లీ పంపుతుంది, ప్రాణంతో చేరుతాయని వాళ్లిచ్చే గ్యారంటీకి అర్థం అంతవరకే. ఒక సామాను పగిలితే ఎలాగో అలాగే.

విమానాల గొడవ కూడా ఒకటి నడిచింది. దూరాలకి ఈ పెట్టెలు ప్యాసింజర్ విమానాల కిందిభాగంలో వెళ్లేవి, 2001లో విమానాలవాళ్లు తీసుకోమని మొరాయించే పరిస్థితి వచ్చేసరికి పార్లమెంటే కలగజేసుకుంది, వేరే జంతువుల్ని మోసే విమాన సంస్థ పోస్టులో వచ్చే ఒకరోజు కోడిపిల్లల్ని కూడా మొయ్యాల్సిందేనని ఆ ఏడాదే చట్టం చేసింది. ఇంత చిన్న ప్రాణి కోసం చట్టమా అనిపిస్తుంది, కానీ దాని వెనక ఉన్నది ఊరూరా ఉన్న చిన్న రైతులూ, హ్యాచరీలూ, వాళ్ల ఓట్లూ.

గడియారం తప్పితే ఏమవుతుందో రెండుసార్లు దేశం మొత్తం చూసింది. 2020 వేసవిలో పోస్టల్ సర్వీస్‌లో మార్పులు చేసి ఉత్తరాలు, పార్సిళ్లు అన్నీ ఆలస్యమైన రోజుల్లో మెయిన్ అనే రాష్ట్రానికి వెళ్లిన 4,800 పిల్లలు చచ్చి చేరాయి. అక్కడి పార్లమెంటు సభ్యురాలు చెల్లీ పింగ్రీ అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ లూయిస్ డిజాయ్‌కి దీనిమీద లేఖ రాశారు. అప్పట్లో ఎలక్షన్ బ్యాలెట్లు లేటవుతాయా, మందులు లేటవుతాయా అని టీవీల్లో గొడవ, రెండు రోజులు లేటైనా ఉత్తరం ఉత్తరమే, మందు మందే, కోడిపిల్ల మాత్రం రెండు రోజులు లేటైతే ఇక లేదు. ఒక వ్యవస్థ నెమ్మదించిందని అందరికన్నా ముందు తెలిసేది వాటికే.

రెండోది 2025 ఏప్రిల్ చివర్లో, డెలావేర్‌లో. ఒక పోస్టల్ లారీలో దాదాపు 12,000 పిల్లలు, కోడివే కాదు టర్కీ, బాతు జాతులవి కూడా, డిస్ట్రిబ్యూషన్ సెంటర్ దగ్గర సుమారు మూడు రోజులు ఎవరూ చూడకుండా ఉండిపోయాయి. వేలల్లో చచ్చిపోయాయి, దాదాపు 4,000. బతికినవాటిని ఆ ఊరి జంతు సంరక్షణ కేంద్రానికి తెచ్చి వదిలారు, కుక్కలకీ పిల్లులకీ కట్టిన చోటు అది, ఒక్కసారిగా 8,000 పిల్లలొచ్చి పడ్డాయి, దాణా, లైట్లు, మనుషులు ఏవీ సరిపోలేదు. పంపిన హ్యాచరీ వెనక్కి తీసుకోవడానికి లేదు, బయట తిరిగొచ్చిన పిల్లలతో జబ్బులు మందలోకి వస్తాయని, అది నిజమైన కారణమే. తమ పద్ధతిలో లోపం జరిగిందని పోస్టల్ సర్వీస్ ఒప్పుకుంది. నాకు దీంట్లో కనబడేది ఒకటే, దారిలో ప్రతి ఒక్కరూ తమ పని తాము చేసి తర్వాతివాళ్లకి అప్పగిస్తారు, మధ్యలో ఒక్కచోట అప్పగింత జారిపోతే ఆ పెట్టె ఎవరిదీ కాదు. అమ్మేసిన హ్యాచరీది కాదు, ఇంకా అందని రైతుది కాదు, లారీ దిగి వెళ్లిపోయిన డ్రైవర్‌ది కాదు.

అలాగని మొత్తం ఆపెయ్యాలా అంటే నేను అంత సులువుగా అవునని అనలేను. బ్రిటన్‌లో రాయల్ మెయిల్ కోడిపిల్లల్ని తీసుకోదు, దేశం చిన్నది, కారేసుకెళ్లి తెచ్చుకోవచ్చు. యూరప్ రూల్స్‌లో 72 గంటల మాటుంది కానీ దాంట్లో మళ్లీ ప్రయాణం 24 గంటలు మించితే మేత, నీళ్లు ఇవ్వాలని ఉంది, అంటే గడువంతా రోడ్డు మీదే తినెయ్యడానికి వీల్లేదు, ఆ తేడా చాలా పెద్దది. అమెరికాలో మోంటానాలో ఉండే రైతుకి దగ్గర్లో హ్యాచరీ లేదు, పోస్టు ఆపితే అరుదైన పాత జాతుల్ని పెంచే చిన్నవాళ్లు ముందు పోతారు, పెద్ద కంపెనీలకి సొంత లారీలున్నాయి, వాళ్లకేం కాదు. నా వరకు నేను కోరేది యూరప్‌లాంటి 24 గంటల లెక్క, ఆ గడువులో చేరలేని దూరాలకి అమ్మకుండా ఉండటం, ప్రతి పెట్టెకీ ప్రతి మజిలీలో ఒక మనిషి పేరు.

మన దగ్గర ఎలా అంటే, కోడిపిల్లలు పోస్టులో రావు, వ్యాన్లలో, బస్సుల్లో, రైలు పార్సిళ్లలో తిరుగుతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర పౌల్ట్రీ పరిశోధన సంస్థ తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ అనే రకాల కోడిపిల్లల కోసం జనం ముందుగా చెప్పుకుని వెళ్లి తెచ్చుకుంటారు. మన జంతు రవాణా నిబంధనల్లో 2001లో కోళ్ల గురించి చేర్చినవాటిలో ఒకరోజు పిల్లలకి విడిగా మాటలున్నాయి, పుట్టగానే పంపెయ్యాలి, పెట్టెల్లో నిలవ ఉంచకూడదు, ఎండా వానా తగలనివ్వకూడదు, పెట్టె ఒరగకూడదు, చుట్టూ మీదా వేరే సరుకు వెయ్యకూడదు. చదివితే ఎవరో నిజంగా కోళ్లు పెంచినవాళ్లు కూర్చుని రాసినట్టుంటుంది. బస్టాండుల్లో పార్సిల్ కౌంటర్ పక్కన ఎండలో పెట్టిన అట్టపెట్టెలు చూసినవాళ్లకి ఆ రాతకీ బస్టాండుకీ మధ్య ఎంత దూరముందో తెలుసు.

2022లో మొదలైన బర్డ్‌ఫ్లూ వల్ల గుడ్ల ధరలు పెరిగి 2025 మార్చిలో ఇక్కడ డజను సగటున 6.23 డాలర్లకి చేరినప్పుడు మన తెలుగువాళ్లు కూడా చాలామంది పెరటి కోళ్ల గురించి అడిగారు నన్ను. అడిగినవాళ్లకి చెప్పినవే ఇక్కడా చెప్తాను. షాపులో కొంటే ఈ పోస్టు పాపం తగలదనుకోకండి, వసంతంలో వ్యవసాయ సామాన్ల షాపుల్లో తొట్టెల్లో కనబడే పిల్లలు కూడా చాలావరకు హ్యాచరీ నుంచి పోస్టులో వచ్చినవే, తేడా ఏంటంటే దారిలో పోయినవి మీకు కనబడవు. రేటు పది డాలర్లు ఎక్కువైనా మీకు దగ్గర్లో ఉన్న హ్యాచరీనే చూడండి, ఒక్కరాత్రి ప్రయాణంలో చేరేది. ఏప్రిల్, మే మంచివి, వడగాలుల్లో వద్దు, సోమవారం సెలవొచ్చే వారం అసలు వద్దు. ముందురోజే పోస్టాఫీసుకి వెళ్లి మీ నంబరు ఇచ్చి, తెల్లవారుజామునైనా సరే ఫోన్ చెయ్యండి నేనొచ్చి తీసుకెళ్తానని చెప్పండి, మా ఊరి పోస్టాఫీసులో ఆవిడ ఆ మాట కాగితం మీద రాసి గోడకి అంటించుకుంది, అందుకే ఆ టైంకి ఫోన్ చేసింది. బ్రూడర్ లైట్, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే లైటు, ముందురోజు రాత్రే వేసి వేడి చూసుకోండి. పెట్టె కౌంటర్ దగ్గరే తెరిచి లెక్కపెట్టండి. ఇంటికి తేగానే దాణా కన్నా ముందు నీళ్లు, గోరువెచ్చగా, కొంచెం పంచదార వేసి, ఒక్కోదాని ముక్కు నీళ్లలో ముంచి చూపించాలి, తల్లి లేదు కదా, నీళ్లంటే ఏంటో వాటికి ఎవరో ఒకరు చెప్పాలి. మీ పిల్లలు కోడిపిల్లల్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి, ముద్దులు పెట్టనివ్వకండి, 2020లో పెరటి కోళ్ల వల్ల సాల్మొనెల్లా అనే పేగుల జబ్బు వచ్చినట్టు ఇక్కడ తేలినవాళ్లు 1,722 మంది, ఐదేళ్లలోపు పిల్లలకి మరీ ప్రమాదం.

మాకు వచ్చినవి 15, హీట్ ప్యాక్‌తో. 13 పెట్టె తెరవగానే తలలెత్తాయి, రెండు మాత్రం మూల పడుకుని కళ్లు మూసుకునున్నాయి. మా పాప ఒకదాన్ని అరచేతిలో పట్టుకుని కూర్చుంటే నేను చుక్కలు చుక్కలుగా పంచదార నీళ్లు ముక్కు పక్కన పెడుతూ ఉన్నాను, గంటకి అది లేచి నిలబడింది. రెండోది మధ్యాహ్నానికి పోయింది, పెరట్లో కరివేపాకు కుండీ పక్కన పూడ్చాం.

రాత్రి పిన్నికి వీడియో కాల్ చేసి చూపించాను. ఎర్ర లైటు కింద పద్నాలుగూ ఒకదాని మీద ఒకటి తలలాన్చి నిద్రపోతున్నాయి. కాసేపు ఏమీ మాట్లాడకుండా చూసి, "తల్లేదే వీటికి?" అంది. ఫోన్ లైటు వైపు తిప్పి చూపించాను.